ఆవిరి ఇంజనులో నీటి లెక్క

లింగాల, పులివెందుల వైపు ఊళ్ళవాళ్ళకు రైలంటే ముద్దనూరు స్టేషనే. మద్రాసు నుంచి రాయచూరు దాకా 1871 నాటికి పూర్తయిన ఆ దారి మీద తరాల తరబడి బొగ్గింజన్లు నడిచాయి. ఉమ్మడి కడప జిల్లాలో వాటికి పెద్ద దిక్కు నందలూరు షెడ్డు. చెయ్యేటి నీళ్ళు బాయిలర్లకు పనికొస్తాయనే తెల్లవాళ్ళు షెడ్డును అక్కడ పెట్టారని నందలూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజను మీద పని ఎట్లా సాగుతుందో తెలిస్తే ఆ మాటలోని సైన్సు అర్థమవుతుంది.

డ్రైవరు, ఫైర్‌మన్లు నిలబడి పనిచేసే చోటును ఫుట్‌ప్లేట్ అంటారు. ముందర ఫైర్‌బాక్సు, వెనక బొగ్గు, నీళ్ళు మోసే టెండరు. చూసేవాళ్ళ కళ్ళకు ఆనేది పారతో బొగ్గు ఎత్తేసే కష్టం. అనుభవమున్న ఫైర్‌మన్ కన్ను మాత్రం గేజ్ గ్లాసును వదలదు. బాయిలర్లో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో చూపే గాజు గొట్టం అది.

ఫైర్‌బాక్సు పైకప్పు రేకుకు కింద వెయ్యి డిగ్రీలు దాటిన మంట, పైన బాయిలరు నీళ్ళు ఉంటాయి. మన డబ్ల్యూపీ రకం ఇంజన్లలో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. అంత ఒత్తిడిలో నీళ్ళు సుమారు 200 డిగ్రీల దగ్గర గాని మరగవు. ఆ నీళ్ళు ఎప్పటికప్పుడు వేడిని లాగేస్తుంటాయి కాబట్టే రేకు గట్టిగా నిలుస్తుంది. మట్టం తగ్గి రేకు బయటపడిందా, ఎర్రగా కాగి మెత్తబడి చిరుగుతుంది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, బాయిలరు నీళ్ళలో దాదాపు ఐదో వంతు అప్పటికప్పుడు ఆవిరవుతుంది. లీటరు నీళ్ళు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా జాగా కావాలి. బాయిలరు పేలుడంటే ఇదే. ముందే హెచ్చరించడానికి ఆ రేకులో సీసపు బిరడా పెడతారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, ఆ రంధ్రంలోంచి ఆవిరి మంటలోకి చిమ్ముతుంది.

గేజ్ గ్లాసును చూడటమే కాదు, చదవడం రావాలి. ఇంజను ముందుకు మిట్ట ఎక్కుతుంటే నీళ్ళు వెనక్కి ఒరిగి మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. మిట్ట దాటి దిగడం మొదలైన మరుక్షణం అవే నీళ్ళు ముందుకు పోతాయి, పైకప్పు బయటపడే ప్రమాదం అప్పుడే. అందుకే దారిలో ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అన్నది సిబ్బందికి కంఠస్థం. ఊటీ పోయేవాళ్ళు మెట్టుపాళయం, కూనూరుల మధ్య ఆవిరి ఇంజను పెట్టెలను వెనక నుంచి నెట్టుకుపోవడం చూసే ఉంటారు. అక్కడ బాగా నిటారైన చోట్ల 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు. నీటి మట్టం లెక్క అక్కడ ఎంత కీలకమో చెప్పనక్కరలేదు.

తగ్గిన నీళ్ళను నింపేది ఇంజెక్టర్. ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ జిఫార్ 1858లో రూపొందించిన ఈ పరికరం నాకు ఇంజను మొత్తంలో అన్నిటికన్నా అబ్బురం. బాయిలర్లోని ఆవిరే, ఆ బాయిలరు ఒత్తిడిని ఎదిరించి చన్నీళ్ళను లోపలికి తోస్తుంది! సన్నటి మూతిలోంచి మహావేగంతో దూకిన ఆవిరి చన్నీళ్ళకు తగిలి నీరైపోతుంది, దాని వేగం మాత్రం నీళ్ళకు అందుతుంది. ఆ ధార క్రమంగా వెడల్పయ్యే గొట్టంలో నెమ్మదించేకొద్దీ వేగం ఒత్తిడిగా మారి బాయిలరు కవాటాన్ని తెరుస్తుంది. టెండర్లో నీళ్ళు బాగా వేడెక్కితే ఆవిరి సరిగా నీరు కాదు, ఇంజెక్టర్ మొరాయిస్తుంది. మన ఎండాకాలంలో ఇది చిన్న సంగతి కాదు.

ఇక చెయ్యేటి నీళ్ళ మాట. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయంటే కారణం అక్కడి సున్నపురాయి. అలాంటి నేలలోంచి వచ్చిన బోరునీళ్ళు కాచిన గిన్నెకు తెల్లని పొర పట్టడం మన ఇళ్ళలో తెలిసిందే, బాయిలర్లోనూ అదే జరుగుతుంది. నీళ్ళలో కరిగిన కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా రేకులకు, గొట్టాలకు అంటుకుంటుంది. ఉక్కుతో పోలిస్తే ఆ పొర వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. బొగ్గు ఎక్కువ ఖర్చవడం ఒక నష్టం. గేజ్ గ్లాసు నిండుగా కనిపిస్తున్నా పొర కింద రేకు కాగిపోవడం అంతకన్నా పెద్ద నష్టం. లవణాలు మరీ ఎక్కువైతే నీళ్ళు నురగెత్తి ఆవిరితో పాటు సిలిండర్లలోకి పోతాయి. నీళ్ళు ఆవిరిలా నొక్కుకుపోవు, సిలిండరు మూతలే పగులుతాయి. షెడ్డులో గడువు ప్రకారం బాయిలర్లు కడిగేది ఇందుకే. మంచినీళ్ళు దొరికే ఏటి ఒడ్డున షెడ్డు పెట్టడంలో ఎంత తెలివి ఉందో చూడండి.

మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి రైళ్ళు 1995లో ఆగిపోయాయి. పెరంబూరు వర్క్‌షాపు 1855 నాటి ఈఐఆర్ 21 ఇంజనుకు ప్రాణం పోసి 2010లో మళ్ళీ నడిపించింది. ఇనుమును ఇలా బాగుచేసుకోవచ్చు, గాజు గొట్టంలో నీళ్ళ కదలికను చదివే నేర్పు మాత్రం మనుషుల దగ్గరే ఉంటుంది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో నందలూరు షెడ్డులో పనిచేసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ దగ్గర కూర్చుని ఆ పని వివరాలు అడగండి, రాసిపెట్టండి.