నెలజీతము లేనివారు వీసాకొఱకు రాబడి నిరూపించుట

మన గ్రామములనుండి హైదరాబాదునకు పోయి మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల కంప్యూటరు కంపెనీలలో కుదిరిన పిల్లలందఱును నెలజీతగాండ్రని తలంచుచుందుము. అట్లు కాదు. ఆఱు నెలల ఒడంబడికపై పనిచేయువారు, పని ముగిసిన పిదప బిల్లు పంపి సొమ్ము పుచ్చుకొనువారు, ఆ కంపెనీలకు మనుష్యులను చేరవేయు కార్లు తోలువారు పెక్కండ్రు గలరు. ఒక నెల లక్ష రూపాయలు, మఱుసటి నెల శూన్యము. ఇట్టివారు వీసా కోరినప్పుడు జీతపుచీటి లేదని దిగులుపడుచున్నారు. కుమారుని జూడ అమెరికా పోవలెనను రైతు తల్లిదండ్రుల చిక్కును ఇట్టిదే.

అమెరికావారి 1952వ సంవత్సరపు చట్టము ప్రకారము, చూచి వచ్చెదనని పోవువాడు అక్కడనే నిలిచిపోవువాడనియే మొదట భావింపబడును. కాదని అధికారిని ఒప్పించు భారము అతనిదే. కావున నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటునందు అడుగు ప్రశ్నలకు మూలము జీతము కాదు. ఇచ్చట నీకు జీవనాధారమున్నదా, ప్రయాణపు ఖర్చు ఎచ్చటిది, తిరిగి వచ్చుటకు కారణమేమి యనునవే. బ్రిటను, ఐరోపా దేశములవారు కాగితములను మఱింత నిశితముగా చూతురు. ఖాతాలో నున్న సొమ్మెంత యనుటకన్న అది ఎట్లు వచ్చినదను విషయమునే వారు వెదకుదురు.

ఇచ్చటనే మనవారు మోసపోవుచున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అయిదాఱు లక్షలు తెచ్చి, దరఖాస్తుకు వారము ముందు ఖాతాలో వేసి, పిదప తీసి యిచ్చివేయుట! దానిని కుదుర్చు మధ్యవర్తులును గలరు. ఏడాది పొడుగున పదివేలు దాటని ఖాతాలో ఒక్కనాడు ఆఱు లక్షలు పడినచో ఏ గుమాస్తాకైనను అనుమానము పుట్టును. అప్పుసొమ్మును తనదని చెప్పి పట్టుబడినవానికి బ్రిటనువారు సామాన్యముగా పది సంవత్సరములు తలుపు మూయుదురు. అమెరికా చట్టము ప్రకారము ఆ నిషేధము జీవితాంతము, మినహాయింపు దుర్లభము. వడ్డీ మాత్రము ఇచ్చట పెరుగుచుండును.

ఒడంబడిక పనివారు తమ ఒడంబడికలు, బిల్లులు, ఆ బిల్లుల సొమ్ము జమయైన బ్యాంకు లెక్క, ఆదాయపు పన్ను రిటర్నులు ఒకదానితో నొకటి సరిపోవునట్లు ఉంచుకొనవలెను. కంపెనీ పన్ను మినహాయించుకొన్నచో, ఆ వివరము పాను నంబరు క్రింద పన్నుశాఖవారి లెక్కలో కనబడును. పన్నుశాఖకు మూడు లక్షలని, కాన్సులేటునకు పండ్రెండు లక్షలని చెప్పువారిని మేమెట్లు సమర్థింపగలము? పని లేని నెలలను దాచ నక్కఱలేదు. రెండు మూడేండ్ల లెక్క చూపినచో సగటు రాబడి తెలియును.

రైతునకు ఈ విషయమున మనము తలంచిన దానికన్న మంచి ఆధారములున్నవి. సేద్యపు రాబడిపై కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను లేదు. కనుక రిటర్ను లేకుండుట తప్పు కాదు. పట్టాదారు పాసుపుస్తకము, తహశీలుదారు ఇచ్చు ఆదాయపత్రము, మార్కెట్టు యార్డు తక్‌పట్టీలు ముఖ్యములు. మన సంఘముల కొనుగోలు కేంద్రములలో ధాన్యమమ్మినచో వెల నేరుగ బ్యాంకు ఖాతాలో పడును. ఆ రసీదును, ఆ జమను జతపఱచినచో అంతకన్న బలమైన సాక్ష్యము లేదు. నగదునకు అమ్మిన పంటకు ఈ జాడ యుండదు. ప్రయాణపు ఖర్చు కుమారుడే భరించుచున్నచో ఆ మాట దాపక వ్రాసి, అతని రాబడి కాగితములను కూడ పెట్టవలెను.

తెలుగు కాగితములకు ఆంగ్లానువాదము జతచేయవలెను. బ్రిటనుకు పంపు అనువాదముపై అనువాదకుని పేరు, సంతకము, తేదీ, అది సరియైనదను ధ్రువీకరణము ఉండవలెను.