పరారుణ పొయ్యికి పేటెంటు లభిస్తుందా?

కుంపటిలోని నిప్పుల దగ్గర చేయి చాపితే తాకకుండానే సెగ తగులుతుంది. ఆ సెగలో అధికభాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. వాటిని 1800లో విలియం హెర్షెల్ గుర్తించాడు. అంగళ్లలో దొరికే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యిలోనూ జరిగేది అదే. గాజుపలక కింద ఎర్రగా కాలిన తీగచుట్ట నుండి వెలువడే కిరణాలు పాత్రను వేడిచేస్తాయి. ఇండక్షన్ పొయ్యికి అయస్కాంతం అంటుకునే పాత్ర కావాలి. దీనికి అల్యూమినియం గిన్నె అయినా చాలు.

ఇట్టి పొయ్యిని మన గ్రామపు మెకానిక్ ఒకరు మెరుగుపరచారనుకుందాం. పేటెంటు వచ్చునా?

పరారుణ కిరణాలతో వండుట అనే భావనకు రాదు. అది లోకానికి తెలిసినదే. 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం ఆవిష్కరణ కొత్తది కావాలి, ఆ విద్య తెలిసినవారికి సులభంగా తట్టనిది కావాలి, పరిశ్రమలో ఉపయోగపడాలి. తెలిసిన భాగాలను ఒకచోట చేర్చగా, దేని పని అది విడిగా చేసుకుంటూ ఉంటే 3వ సెక్షను అడ్డుపడుతుంది. పొయ్యికి గడియారం, దీపం తగిలించడం అటువంటిదే. అట్లుగాక, తీగచుట్ట కింద అమర్చిన అద్దపు వంపు, వాటి మధ్య దూరం కలిసి, వృథాగా పోయే సెగను పాత్ర అడుగుకు మళ్లించి, నిపుణుడు ఊహించని ఫలితమిస్తే ఆశ ఉంది. ఆ ఫలితాన్ని కొలిచి చూపాలి. ఎన్ని నీళ్లు, ఎన్ని నిమిషాలు, ఎంత విద్యుత్తు అని రాసిపెట్టుకోవాలి. “చాలా ఆదా” అన్న మాట అక్కడ చెల్లదు.

వంటపాత్రలను తరిమెన పట్టేటప్పుడు బిగించి ఉంచే సాధనంపై 1951 నాటి పేటెంటు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అందులో చేర్చిన మార్పు కార్ఖానా పనివారికి తెలిసినదేనని, కేవలం పనితనపు మెరుగుదలకు పేటెంటు రాదని 1978లో ఆ న్యాయస్థానం తేల్చింది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసుగా న్యాయవాదులు నేటికీ దానినే ఉదహరిస్తారు.

మనవారు ఎక్కువగా పొరబడేది మరొకచోట. పొయ్యి సిద్ధం కాగానే సంతలోనో జాతరలోనో నలుగురికీ చూపుతారు, రెండు మూడు అమ్ముతారు కూడా. దరఖాస్తుకు ముందే అట్లు బయటపడితే నూతనత్వం పోయినట్లే. కేంద్రప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలకు పన్నెండు నెలల మినహాయింపు ఉన్నది గాని, ఊరి సంతకు లేదు. అచ్చులకు అప్పు చేయకముందే పేటెంటు కార్యాలయపు వెబ్‌సైటులో పాత పత్రాలను వెదకండి; రుసుము లేదు. తరువాత తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేసి, పన్నెండు నెలలలోగా సంపూర్ణ వివరణ ఇవ్వవచ్చు. పని చేసే విధానమంతా అందులో దాపరికం లేకుండా రాయాలి. హక్కు ఇరవై ఏళ్లు. ఆపై అది అందరిదీ.

పొయ్యి బాహ్యరూపానికి మాత్రమే రక్షణ కోరితే 2000 నాటి డిజైన్ల చట్టం వేరుగా ఉన్నది.

ఇక ఎక్కడికి పోవాలన్నది మన సరిహద్దు కుటుంబాలకు చిక్కుప్రశ్నే. భాష ఒకటైనా కార్యాలయాలు మూడు. బళ్లారి, హోసూరు, యానాంవారికి చెన్నై. షోలాపూరు, నాందేడువారికి ముంబై. బరంపురం, రాయగడవారికి కోల్‌కతా. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.