ఒకే చేత్తో.. ఇద్దరి మాట!

బొబ్బిలి పక్షాన పాపారాయుడు.. ఎదుటి డేరాలో విజయరామరాజు
పిల్లలతో ఇద్దరి ఏకపాత్రలూ రాయిస్తే చరిత్ర బోధపడుతుంది

భివండి:

ఏకపాత్ర అనగానే మనవాళ్లకు గదలు, మీసాలే గుర్తొస్తాయి. బడి వార్షికోత్సవమైనా, వినాయక మండపమైనా ఓ పిల్లవాడు అట్టకత్తి పట్టుకుని తాండ్ర పాపారాయుడై గర్జించాల్సిందే. చప్పట్లకు కొదవుండదు. డైలాగులు మాత్రం ఎవరో రాసిచ్చినవే. అదే పిల్లవాడికి రెండు కాగితాలిచ్చి, 'ఒకదాంట్లో పాపారాయుడి మాట, రెండోదాంట్లో విజయరామరాజు మాట నువ్వే రాయి' అని చెబితే? "ఆయన విలన్ కదా సార్!" అంటాడు. అసలు పాఠం మొదలయ్యేది అక్కడే.

ఇంట్లో ఒక చరిత్ర.. బడిలో ఒకటి

కరీంనగర్, నల్గొండ, వరంగల్ పల్లెల నుంచి సాంచాలు నడపడానికి వచ్చిన పద్మశాలి కుటుంబాలకు పద్మానగర్ ఇప్పుడు సొంతూరే. ఇక్కడి పిల్లలు ఇంట్లో వినేవి తెలుగు కథలు. బడిలో నాలుగో తరగతికొచ్చేసరికి శివాజీ మహారాజు చరిత్ర. రెండు చోట్లా యుద్ధాలున్నాయి. వీరులున్నారు. ఎదుటివాడు ఏమనుకున్నాడో మాత్రం ఎవరూ అడగరు.

ముందు బొబ్బిలితో..

రాయించడం బొబ్బిలితో మొదలుపెడితే మేలు. అక్కడ కొట్టుకున్న రాజులిద్దరూ తెలుగువాళ్లే. మతం పేరో, భాష పేరో చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటపై పడ్డారు. వాగుల నీళ్లు మళ్లించుకుంటున్నారన్న తగువు రెండు సంస్థానాల మధ్య ముందు నుంచీ ఉందని ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాశాడు. కోట నిలవదని తేలాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లనూ, పిల్లలనూ తామే చంపుకున్నారు. రాజా రంగారావు పోరులో కూలాడు. ఆ తర్వాత మూడో రాత్రి విజయరామరాజు తన డేరాలోనే హతమయ్యాడు. పొడిచింది పాపారాయుడని జనం చెప్పుకునే కథ.

ఆ మూడో రాత్రి విజయరామరాజు ఏమనుకుని ఉంటాడు? ఇలా మొదలుపెట్టొచ్చు: "గెలిచావంటున్నారు అందరూ. మరి కంటికి కునుకేదీ? నీళ్ల దగ్గర మొదలైన తగువు పసిపిల్లల దాకా వస్తుందని అనుకున్నానా?" నాలుగు ముక్కలు రాసేసరికి విలన్ కాస్తా మనిషవుతాడు. అలాగని చేసిన తప్పు ఒప్పయిపోదు.

ఎలా రాయించాలి?

• ఆ రోజు అతనికి తెలిసిందేమిటి, తెలియందేమిటి? ముందు రెండు వరుసలుగా రాసుకోవాలి. తర్వాత జరిగింది అతని నోట పలికించకూడదు.
• ఒక్క ఘడియనే పట్టుకోవాలి. పుట్టుక నుంచి చావు దాకా చెబితే అది వ్యాసమే అవుతుంది.
• తిట్లు వద్దు. కారణం కావాలి.
• పుస్తకంలో ఉన్నదేదో, తాను ఊహించిందేదో వేరే రంగు సిరాతో చూపించాలి.
• ఇద్దరి మాటా ఒకే పిల్లవాడు రాయాలి. తలా ఒకటి పంచితే మళ్లీ జట్లే!

ఆ తర్వాతే ప్రతాపగడ్

చెయ్యి తిరిగాక 1659 నవంబరు 10కి రావచ్చు. ప్రతాపగడ్ కింద శివాజీ, అఫ్జల్‌ఖాన్ కలిసిన రోజు. "బిజాపూర్ దర్బారులో మాటిచ్చి వచ్చా. వాయి నాకు కొత్త కాదు. ఈ జావళి అడవే.. చెట్టు చాటున ఎవరున్నారో చెప్పడం లేదు" అని ఖాన్ మాట మొదలవ్వచ్చు. శివాజీ మాట అంగరఖా కింద తొడుక్కున్న ఉక్కు కవచంతో మొదలవ్వచ్చు. వివరాలు వెతుకుతుంటే పిల్లలకే ఆశ్చర్యం వేస్తుంది. ఖాన్ పంపిన రాయబారి కృష్ణాజీ భాస్కర్ బ్రాహ్మణుడు. శివాజీ అంగరక్షకుల్లో సిద్ది ఇబ్రహీం ముస్లిం. చనిపోయిన శత్రువుకు సమాధి కట్టించింది శివాజీయే.

ఈ ఊరికి ఎందుకు?

ఈ పాఠం వేరే ఊళ్లో సరదా. భివండిలో అవసరం. 1970 మే నెలలో శివజయంతి ఊరేగింపు రోజునే ఇక్కడ అల్లర్లు చెలరేగాయి. 1984లో మళ్లీ ఊరు తగలబడింది. 1992-93లో పక్కనున్న ముంబయి మండుతున్నా భివండి చాలావరకు నిబ్బరంగా నిలిచింది. అంతకు ముందు పోలీసు అధికారి సురేశ్ ఖోపడే వీధి వీధినా మొహల్లా కమిటీలు పెట్టి, రెండు వర్గాలనూ ఒకచోట కూర్చోబెట్టడమే దానికి కారణమని చెబుతారు. ఎదుటివాడి మాట వినడం పెద్దలకు అల్లర్ల తర్వాత అలవాటైంది. పిల్లలకు తరగతి గదిలోనే అలవాటు చేయొచ్చు. ఖర్చు రెండు కాగితాలే.

సాంచాల మధ్య పెరిగే పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదు. పేక కూడా పడాలి.