అల్లిన దారమా, అతికిన దారమా?

ఆ మధ్య మా తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేశాను. బల్ల మీద రెండు దారపు ఉండలు పెట్టాను. ఒకటి అందరికీ తెలిసిన నైలాన్ గాలపు దారం. గాజు పోగులా మెరుస్తుంది. రెండవది ఆకుపచ్చగా, కుట్టుదారంలా మెత్తగా ఉన్న కొత్త రకం. మందంలో రెండూ ఇంచుమించు ఒకటే, సుమారు 0.3 మి.మీ. “ఈ రెండవది మొదటి దానికంటె రెండు రెట్లకు పైగా బలమైనది, చూడండి” అని గొప్పగా ప్రకటించాను. రెండింటికీ ఒకే రకం ముడితో చెరొక ఇనుప రింగు కట్టి, రెండో కొసను కర్రకు పలుమార్లు చుట్టి, రింగును స్ప్రింగు త్రాసుకు తగిలించి లాగాను. నైలాన్ దారం 5 కిలోల దగ్గర పుటుక్కున తెగింది. నా కొత్త దారం 3 కిలోలు కూడా మోయలేదు. తరగతి అంతా నవ్వింది.

నిజానికి దారం తెగలేదు, ముడి జారిపోయింది. రెండో వరుసలోని ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకు వెళతాడు. “దీనికి ఆ ముడి ఆగదు మాస్టారూ, జారిపోద్ది” అంటూ వచ్చి, దారాన్ని రెండు పేటలుగా మడిచి రింగులో దూర్చాడు. ఆ జంట పేటతోనే వదులుగా ఒక ముడి వేసి, చివర మిగిలిన ఉచ్చులోంచి రింగును ఇవతలికి తీసి, తడిచేసి బిగించాడు. ఈసారి త్రాసు ముల్లు 10 కిలోల గీత దగ్గరకు వచ్చి ఆగిపోయింది. త్రాసు కొలవగలిగినది అంతే. దారం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంత బలమైన దారం మొదటి ముడికి ఎందుకు ఆగలేదు? దానిని దేనితో చేశారో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. అది పాలిథీన్. అంగడి నుంచి కూరగాయలు తెచ్చుకునే సంచీలోని పదార్థమే! పాలిథీన్ ఉపరితలం బాగా నున్ననిది, ఘర్షణ తక్కువ. ముడిని పట్టి ఉంచేది ఘర్షణే కదా.

మరి సంచీని రెండు చేతులతో లాగితే సాగి చిరిగిపోతుంది; దారానికి ఆ బలం ఎక్కడిది? పాలిథీన్ అణువు ఒక పొడుగాటి గొలుసు. కార్బన్ పరమాణువులు ఒకదాని వెంట ఒకటి వేల సంఖ్యలో చేరి ఉంటాయి. ఒక్కొక్క గొలుసు లోపలి బంధాలు చాలా గట్టివి. కాని సంచీలో ఈ గొలుసులు నిద్రలేచిన పిల్ల జుట్టులా చిక్కుపడి ఉంటాయి. లాగినప్పుడు గొలుసులు తెగవు. ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. గొలుసులన్నీ ఒకే దిక్కుకు తిరిగి, పక్కపక్కన పొడుగునా పడుకుంటే అప్పుడు లాగిన బలాన్ని గొలుసులే మోయాలి.

చిక్కు తీయడానికి మీ అమ్మగారు ఏం చేస్తారు? నూనె రాసి దువ్వుతారు. నెదర్లాండ్స్ దేశంలో డి.ఎస్.ఎం. అనే సంస్థ పరిశోధనశాలలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా అనే శాస్త్రజ్ఞులు 1979 ప్రాంతంలో చేసినది ఇంచుమించు ఇదే. మామూలు పాలిథీన్ కంటె ఎంతో పొడవైన గొలుసులు గల రకాన్ని వేడి ద్రావణిలో బాగా పలచగా కరిగించారు. పలచబడేసరికి గొలుసుల మధ్య చిక్కులు తగ్గాయి. ఆ ద్రావణాన్ని జంతికల గొట్టంలా సన్నని రంధ్రాలున్న పళ్ళెం గుండా నొక్కి చల్లబరిస్తే జిగురు ముద్దలాంటి పోగులు వచ్చాయి. వాటిని వేడి చేస్తూ ముప్ఫై రెట్లకు పైగా సాగదీశారు. అదే దువ్వెన! గొలుసులన్నీ వరుసలో పడ్డాయి. బరువుకు బరువు చూస్తే ఈ పోగు ఉక్కు కంటె ఎన్నో రెట్లు బలమైనది. 1990లో హీర్లెన్ పట్టణంలో ఈ పోగుల తయారీ వ్యాపార స్థాయిలో మొదలైంది. తూటాలు దూరని కవచాలకూ, ఓడల మోకులకూ, గాలపు దారాలకూ ఈ పోగులనే వాడుతున్నారు.

అయితే ఒక్కొక్క పోగు వెంట్రుక కంటె సన్నం. ఒంటి పోగుతో చేపను పట్టలేం. వందల పోగులను ఒక దారంగా కూర్చాలి. ఇక్కడే రెండు దారులు ఉన్నాయి.

మొదటిది అల్లిక. పోగులను నాలుగు లేక ఎనిమిది పేటలు చేసి జడలా అల్లుతారు. రెండవది అతుకు. పోగులను అల్లకుండా పక్కపక్కన పెట్టి, బిగలాగి పట్టి, కరిగే ఉష్ణోగ్రత దాపుల్లోకి వేడి చేస్తారు. పోగుల పైపొరలు మాత్రం మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇది కత్తిమీద సాము. పాలిథీన్ పోగు సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు లోపే కరిగిపోతుంది. వేడి కాస్త ఎక్కువైతే కష్టపడి వరుసలో పెట్టిన గొలుసులు మళ్ళీ చిక్కుపడతాయి, బలం పోతుంది.

రెండింటి గుణాలలో తేడా ఎందుకు వస్తుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. పది తెల్ల కాగితాలను దొంతరగా పట్టుకుని వంచండి. తేలికగా వంగుతాయి, అంచుల దగ్గర కాగితాలు ఒకదానిమీద ఒకటి జరగడం కనిపిస్తుంది. ఇప్పుడు మరో పది కాగితాలను బంక రాసి అతికించి, ఆరిన తరువాత వంచండి. అట్టలా మొండికేస్తాయి. అల్లిన దారంలో పోగులు లోపల జరగగలవు కనుక అది మెత్తగా, గుండ్రంగా, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. అతికిన దారంలో పోగులు జరగలేవు. అది కొంచెం బిరుసు.

బిరుసుతనం లోపమని తొందరపడి అనకండి. మెత్తని దారం గాలికి ఎగిరి కర్ర కొసకు చుట్టుకుంటుంది, రీలు మీద చిక్కు ముడులు పడుతుంది. కొత్తగా గాలం విసరడం నేర్చుకునేవారికి బిరుసు దారమే మేలు. పైగా తయారీ తేలిక కనుక చౌక. మరొక సంగతి. పాలిథీన్ నీటిని పీల్చదు. కాని అల్లికలోని సందులలో నీరు నిలుస్తుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాలలో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద మంచుకు కన్నం చేసి చేపలు పడతారు. అక్కడ అల్లిన దారంలోని నీరు గడ్డకట్టి దారం పుల్లలా అవుతుంది. సందులు తక్కువగా ఉన్న అతికిన దారాన్ని అక్కడ ఇష్టపడేవారు ఎక్కువ. మన వాతావరణంలో ఆ చిక్కు ఎటూ లేదు.

అతికిన దారానికి అసలు లోటు వాడుకలో బయటపడుతుంది. రాపిడికి పైపూత పోయి, అతుకులు విడి, నూగు లేస్తుంది. దారం బల్లపరుపు అవుతుంది. అల్లిన దారం రంగు వెలిసినా సంవత్సరాల తరబడి ఆకారం చెడదు. నన్ను అడిగితే, డబ్బు పెట్టగలిగితే అల్లిన దారమే కొనమంటాను.

రెండింటికీ ఉమ్మడి గుణం ఒకటుంది: అవి దాదాపు సాగవు. తెగేలోపు నైలాన్ నూటికి 15 నుంచి 30 పాళ్ళు సాగితే, ఇవి మూడు నాలుగు పాళ్ళే. 30 మీటర్ల నైలాన్ దారం నూటికి పది పాళ్ళు సాగిందంటే మూడు మీటర్లు! చేప ఎరను ముట్టిన సంగతి ఆ సాగుడులోనే కలిసిపోతుంది. సాగని దారం మీద చిన్న తాకిడి కూడా చేతికి తెలుస్తుంది. కాని పెద్ద చేప ఒక్కసారి గుంజినప్పుడు ఆ దెబ్బను సాగి మింగే గుణం వీటికి లేదు. గాలం చేప నోటిని చీల్చుకు రావచ్చు. బండల మీద బిగువుగా రాసుకుంటే సన్నని పోగులు ఒకటొకటిగా తెగుతాయి కూడా. అందుకే చాలామంది చివర ఒక బారెడు నైలాన్ ముక్క కలుపుతారు. అది నీటిలో కనబడదు కూడాను.

ఇక ఈ దారాన్ని పట్టుకునే చేతి మాట. అనకాపల్లి జిల్లా పూడిమడక వంటి ఊళ్ళ మత్స్యకారులు చిన్న పడవలలో దూరం వెళ్ళి, రీలూ కర్రా లేకుండా చేతి గాలంతో సూర చేపలను పడతారు. పది కిలోల బలం గల నైలాన్ దారం కంటె అంతే బలం గల అల్లిన దారం మందం ఇంచుమించు సగం. చేప గుంజే బలం ఒకటే, వేలిని తాకే వైశాల్యం సగం. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది కదా? కనుక వేలి మీద పీడనం రెట్టింపు. కత్తికి పదును పెట్టడమంటే ఇదే. నైలాన్ నొక్కి వదిలిపెట్టే చోట ఇది కోస్తుంది. సాగదు కనుక ఆ దెబ్బ కూడా ఒక్కసారే వస్తుంది. మీలో ఎవరైనా ఈ ప్రయోగం చేస్తే దారాన్ని చేతికి మాత్రం చుట్టుకోవద్దు, కర్రకు చుట్టండి.

తరగతి అయ్యాక ఆ కుర్రవాడిని అడిగాను, మీ నాన్న ఈ దారం ఎందుకు వాడడం లేదని. “ఒకసారి పట్టుకెళ్ళాడు మాస్టారూ. సూర పడింది గాని, రెండు వేళ్ళు తెగి నాలుగు రోజులు వేట మానేశాడు. సైకిల్ ట్యూబు తొడుక్కున్నా దిగిపోయిందంట. మళ్ళీ లావు నైలానే పట్టుకెళ్తన్నాడు” అన్నాడు. మిగిలిన దారం ఏమైందని అడిగాను. “వలకి చిరుగులు పడితే దాంతోనే కడతన్నాడు” అన్నాడు.