నాగరికతకు కొలబద్ద యేది?

ఆధునిక సమాజము ప్రాచీన సమాజములకంటె నిజముగా నాగరికమైనదేనా అను ప్రశ్న మన సంఘముల సభలయందును, పాఠశాలల వక్తృత్వపు పోటీలయందును తఱచు వినవచ్చుచుండును. ఒక పక్షమువారు విమానములను, శస్త్రచికిత్సను, విద్యుద్దీపములను లెక్కించుదురు. రెండవ పక్షమువారు ఉమ్మడి కుటుంబమును, అతిథిమర్యాదను, చెఱువులను, గుడిగోపురములను పేర్కొందురు. చప్పట్లు ఇరువురకును సమానముగనే లభించును. కాని నాగరికత యన నేమియో నిర్ణయింపక, ఎవరి నాగరికత యధికమని వాదించుట మానిక లేక ధాన్యము కొలుచుటవంటిది.

మాట నగరమునుండి పుట్టినది. వాత్స్యాయనుని కామసూత్రములయందు నాగరకుడు కన్పించును. అతడు నిత్యస్నానము చేయువాడు, చందనము పూసికొనువాడు, తాంబూలము సేవించువాడు. గోడకొక్కెమున వీణ వ్రేలాడగా, పంజరములలో పక్షులు పలుకగా, గోష్ఠులలో ప్రొద్దుపుచ్చువాడు. ఇదే మాట తిరుక్కురళ్‌లో దాక్షిణ్యమును గూర్చిన యధ్యాయమున వచ్చినది. అచ్చట నాగరికమనగా భోగము గాదు. ఎదుటివాని మనస్సు నొప్పింపనొల్లని సౌజన్యము. ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడు మనకు ఈ రెండర్థములును సొంతములే. మొదటి యర్థమున చూచినచో ఈనాటి సామాన్య గృహస్థుడు ఆనాటి నాగరకుని మించినవాడే. వీణకు బదులు వాని జేబులోనే సకల సంగీతమును కలదు. అందుచేత ఆ యర్థమున వాదమునకు చోటే లేదు. విచారింపవలసినది రెండవ యర్థమునందే.

తాయిల్పట్టికి చేరువనే, వెంబకోట్ట ప్రాంతమున, వైప్పారు నది యెడమగట్టున విజయకరిసల్‌కుళము గ్రామములో నొక ప్రాచీన జనావాసపు దిబ్బ కలదు. 2022 మార్చిలో తమిళనాడు పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు ప్రారంభించిరి. 2023, 2024 సంవత్సరములలో తరువాతి దశలు సాగినవి. చిన్న చిన్న రాతి పనిముట్లు, గాజుపూసలు, కాల్చిన మట్టి బొమ్మలు, ఆటకాయలు, స్వల్పముగా బంగారు నగలు, అన్నిటికంటె విశేషముగా శంఖపు గాజులును, వాని తునకలును విరివిగా దొరకినవి. వైప్పారు పోయి మన్నారు సింధుశాఖలో కలియును. ఆ సముద్రపు శంఖము ఈ నల్లరేగడికి వచ్చి, రంపపుకోతకు లోనై, నునుపుదేఱి, ఏ పడుచు చేతికో గాజైనది. శివగంగ జిల్లాలోని కీళడియందు 2015 నుండి సాగిన త్రవ్వకములలో ఇటుక కట్టడములును, మనుష్యుల పేర్లు తమిళ బ్రాహ్మీలిపిలో గీయబడిన కుండపెంకులును లభించినవి. రాజశాసనము గాక, తమ యింటి కుండమీద తమ పేరు తామే గీసికొనిన జనులు అక్షరజ్ఞానము లేనివారని యెవరనగలరు?

ఇంతవఱకు గర్వింపదగినదే. కాని దిబ్బ చెప్పు సాక్ష్యము నొక జాగ్రత్తతో వినవలెను. మట్టిలో గాజు నిలుచును, గాజు కోసినవాని దగ్గు నిలువదు. పూస నిలుచును, దానికై చెల్లించిన కూలి నిలువదు. మట్టిపాత్ర నిలుచును, అందులోని యన్నము ఎవరు ముందు తినిరో, ఎవరు మిగిలినది తినిరో నిలువదు. ప్రాచీనులనుండి మనకు చేరినది వారి చేతిపనిలో గట్టిదైన భాగము మాత్రమే. మనల గూర్చియో, దినపత్రికయు, న్యాయస్థానపు తీర్పును, ఆసుపత్రి లెక్కయు ప్రతి పాపమును నమోదు చేయుచున్నవి. వారి నగలతో మన నేరములను పోల్చుచున్నాము. ఈ తూకములో మొగ్గు ఎటువైపునకో ముందే తెలియును.

అక్షరములు నిలిచినచోట మాత్రము విషయము స్పష్టమగును. కోవిల్‌పట్టి సమీపమున కళుగుమల కలదు. అచ్చటి ఏకశిలాలయమైన వెట్టువాన్‌కోవెలను జూచుటకు దూరదేశములవారును వత్తురు. పాండ్యుల కాలమున, ఎనిమిదవ శతాబ్దమున మలచబడి, అసంపూర్ణముగా నిలిచిన యద్భుతమది. దాని ప్రక్కనే కొండమీద జైన తీర్థంకరుల శిల్పములు వరుసగా నున్నవి. వాని క్రింద వట్టెళుత్తు లిపిలో ఎవరు చెక్కించిరో వ్రాయబడియున్నది. ఆ దాతలలో వడ్రంగులును, కుమ్మరులును కలరు. అంతకంటె మించినది, కురత్తియార్ అను స్త్రీ గురువుల పేర్లు కలవు; వారికి శిష్యగణము కలదు. పండ్రెండు వందల యేండ్లకు పూర్వము ఈ కరిసల్ భూమిలో నొక స్త్రీ గురుపీఠమున కూర్చుండెను, ఒక కుమ్మరి తన పేరు రాతిపై వ్రాయించుకొనెను. ఉపాధ్యాయ వృత్తిలో నున్న నాకు, కోవెలకంటె ఆ చిన్న శాసనములే ఘనముగా దోచును. చరిత్రకారులు దీనిని ప్రాచీనకాలమున జేర్పరు, మధ్యయుగ మందురు. మన సంభాషణలో ‘పూర్వము’ అను నొక్క మాటలో అన్నియు చేరిపోవును.

అదే పూర్వమున, అదే జిల్లాలలో, కోవెల తలుపులు మూయబడినవి. 1899లో ఆలయప్రవేశ వివాదము ముదిరి శివకాశి పట్టణము దోపిడికిని, దహనమునకును లోనైనది. మధుర మీనాక్షి యాలయమున 1939 జూలై 8న ఎ. వైద్యనాథయ్యరుగారు హరిజనులను వెంటబెట్టుకొని ప్రవేశించువఱకు ఆ తలుపు తెఱువబడలేదు. చెన్నరాష్ట్రమంతటికిని ఆలయప్రవేశ శాసనము 1947లో వచ్చినది. మన తెలుగువారు ఈ విషయమున ఇతరులకంటె ఉదారులుగా నుండిరని చెప్పుకొనుటకు వీలులేదు. చక్కని శిలలను చెక్కించిన సమాజమే, ఆ శిలలను మోసినవాని మనుమని గడప దాటనీయలేదు.

మన యిండ్లలో పేరంటాలును గొలుచు ఆచారము నెఱుగనివారు లేరు. పసుపు కుంకుమలు, క్రొత్తచీర, పాయసము. పిల్లలకు అదొక పండుగ. ఆమె ఎవరని యడిగిన పిల్లలకు పెద్దలు ‘అగ్నిలో వెలసిన తల్లి’ అని చెప్పుదురు. ఆమె నొక మనుష్యస్త్రీగా, బహుశః పదునెనిమిదేండ్ల పిల్లగా, భావించి చూచువారు తక్కువ. 1710లో రామనాథపురమున కిళవన్ సేతుపతి మరణించినపుడు ఆయన భార్యలు నలువదియేడుగురు చితి నెక్కిరని చరిత్రకారులు వ్రాసిరి. అంతకు కొలది యేండ్ల ముందే, పొరుగుననే, మధురలో రాణి మంగమ్మ వితంతువై యుండియు చితి నెక్కక, 1689 నుండి మనుమని పక్షమున రాజ్యము నేలి, బాటలు వేయించి, సత్రములు గట్టించెను. ఒకే కాలము, ఒకే నాడు, రెండు నాగరికతలు. చెన్నరాష్ట్రమున సహగమనము 1830లో శాసనముచేత నిషేధింపబడినది. ఈ యొక్క విషయమున మాత్రము పూర్వమే మేలనువారితో నేను వాదమునకును దిగను.

చెఱువుల మాట. కుడిమరామత్తు అని ఊరివారందఱును కూడి కాలువ పూడిక దీయు నాచారమును ఇప్పుడు మిక్కిలి కొనియాడుచున్నారు. అది కొనియాడదగినదే. కాని 1858లో ఆంగ్లేయ ప్రభుత్వము దానిని నిర్బంధశ్రమ శాసనముగా మార్చినదనియు, ఊరిలో తట్ట మోసినవారును, గట్టున నిలిచి పురమాయించినవారును ఎల్లప్పుడును ఒకరే గారనియు గుర్తుంచుకొనవలెను. మన పూర్వులు విజయనగర, నాయకరాజుల కాలములలో వలసవచ్చి ఈ నేలను సాగుచేసిరి. ఇడైసెవల్ గ్రామవాసి, తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్ 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ నవలలో, వలసవచ్చినవారు అడవిని తగులబెట్టి ఊరు గట్టిన కథ యున్నది. అడవి కాలిన పొగ ప్రక్కనే మనయూరి మొదటి పొయ్యిపొగ లేచినది.

ఇక తన తప్పు నొప్పుకొనుట యను గుణమును ప్రాచీనులలో వెదకువారు కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపముననున్న ఎఱ్ఱగుడి కొండకు పోవలెను. అశోకుని పదునాలుగు శిలాశాసనములును అచ్చట కలవు. రెండవ శాసనమున మనుష్యులకును, పశువులకును చికిత్స, బాటల వెంబడి బావులు, చెట్లు. చోళ పాండ్య దేశములలో సహితము ఈ యేర్పాటు చేయబడినదని చెప్పబడెను. పదుమూడవదానియందు కళింగయుద్ధమున లక్షమంది చచ్చిరనియు, లక్షయేబదివేలమంది చెఱపట్టి తరలింపబడిరనియు చక్రవర్తియే చెప్పి దుఃఖించెను. ఇంతటి మాటను మన కాలపు ప్రభువులలో ఎందఱు రాతిపై చెక్కించిరి? 1945 ఆగస్టు 6న హిరోషిమాపై బాంబు వేసిన రాజ్యము దానికి ఇంతవఱకు క్షమాపణ చెప్పలేదు. అయినను ఒక చిత్రము. ఆ పశ్చాత్తాప శాసనము కళింగమునందలి ధౌలి, జౌగడలలో లేదు. ఏ జనులు చచ్చిరో వారి నేలపై దానిని వ్రాయింపక విడిచిరి. అడవిజనులకు అదే శాసనమున మెత్తని బెదిరింపును కలదు.

ఇప్పుడు మన కాలమును, మన వాకిటనే, చూతము. ఈ ప్రాంతము వర్షాభావపు సీమ. పంటకు శాపమైన ఆ పొడిగాలియే అగ్గిపెట్టెలకును, బాణసంచాకును వరమైనది. శివకాశినుండి ఇరువురు 1922లో కలకత్తా పోయి అగ్గిపుల్లల పని నేర్చి వచ్చినది మొదలు ఈ పరిశ్రమ వేళ్లూని, దేశములో వాడు బాణసంచాలో అత్యధికభాగము నిచ్చుచున్నది. దానివలన పొయ్యి వెలిగిన ఇండ్లెన్నో తాయిల్పట్టివారికి తెలియును. పరిశ్రమను నిందించుట నా యుద్దేశ్యము గాదు. నియమములును చక్కగనే యున్నవి: మందు కలుపు గదులు వేఱువేఱుగా, ఎడమెడముగా నుండవలెను, ఒక గదిలో నలుగురికి మించి పనిచేయరాదు, మందు ఇంతకు మించి నిలువ యుంచరాదు. ఒక గది పేలినను ప్రక్కగది మిగులుటకై చేసిన యాలోచన యది. ఏ ప్రాచీన చక్రవర్తియు తన కూలివాని ప్రాణమునకై ఇంత సూక్ష్మమైన లెక్క వేసియుండడు. ఇది నిస్సంశయముగా నాగరికత.

ఆ లెక్కను తప్పించుటయు మన కాలపుదే. దీపావళి సమీపించిన కొలది బేరము పెరుగును. గదులు ఉపగుత్తకు పోవును. నలుగురి గదిలో పదిమంది కూర్చుందురు. చెట్టునీడను సహితము పని సాగును. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో దాదాపు నలుబదిమంది మరణించిరి. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు ప్రాంతపు అచ్చంకుళములో ఇరువదిమందికి పైగా పోయిరి. ప్రతిసారి కారణము అజ్ఞానము గాదు. ఏ మందు ఏ రాపిడికి రగులునో, గదికి గదికి ఎంత యెడముండవలెనో అంతయు తెలిసిన కాలమిది. తెలియనివాని తప్పునకును, తెలిసినవాని తప్పునకును తూకము వేఱు. ఈ యొక్క కారణముచేతనే ఆధునికుడు ప్రాచీనునికంటె కఠినముగా ప్రశ్నింపబడవలెనని నా మతము.

న్యాయముగా రెండవ లెక్కయు చెప్పవలెను. ఒక తరమునకు ముందు ఈ యూళ్లలో తెల్లవాఱకముందే కర్మాగారపు బండ్లు వచ్చి, నిద్రమత్తులోనున్న పిల్లలను అగ్గిపుల్లలు పేర్చుటకు తీసికొనిపోయెడివి. 1986లో బాలకార్మిక చట్టము వచ్చినది. 1996 డిసెంబరు 10న శివకాశి పిల్లలను గూర్చియే సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పి, ప్రమాదకరమైన పనిలో పెట్టుకొనిన ఒక్కొక్క బిడ్డకు యజమాని ఇరువదివేల రూపాయల చొప్పున చెల్లించి నిధి యేర్పఱుపవలెననెను. 2009లో నిర్బంధ విద్యాహక్కు చట్టమైనది. వీనివలనను, మధ్యాహ్న భోజనమువలనను, తల్లిదండ్రుల పట్టుదలవలనను పిల్లలు చాలవఱకు బడి చేరిరి. చక్రవర్తి దయగా గాక, ఎవరైనను న్యాయస్థానమున నిలిచి యడుగదగిన హక్కుగా ఇది లభించుట పూర్వకాలమున లేనిది. ఈనాడు తెల్లవాఱుజామున మన వీధిలో కర్మాగారపు బండి ఆగినపుడు పిల్లలు ఎక్కుటలేదు. వారి తల్లులు ఎక్కుచున్నారు.