ఇంట గెలిచి... జోలె పట్టాలి!

పల్లెలో పసిపిల్లలకు కథలు వినిపించాలి. అంగన్‌వాడీకి బొమ్మల పుస్తకాలు కావాలి. డబ్బెక్కడిది? ఫౌండేషన్లను అడగొచ్చు. కాకపోతే, చేయి చాచే ముందు మన ఇంట్లో సరిచూసుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి.

వాన మొహం చాటేసిన ఏడాది కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే ‘సుగ్గి’కి బయల్దేరతాయి. గుంటూరు మిరప చేలకు కొందరు, హైదరాబాద్‌లో కూలి పనులకు మరికొందరు. మూటాముల్లెతోపాటు మూడేళ్ల బుడతడూ బండెక్కుతాడు. అంగన్‌వాడీలో నిన్నటిదాకా నేర్చుకున్న పాట సగంలోనే ఆగిపోతుంది. అమ్మానాన్నా చేలో దిగితే గట్టు మీద కూర్చున్న వాడికి కథ చెప్పేదెవరు?

ఒకప్పుడు పిల్లలకు కథ చెప్పే పెద్దదిక్కు రేడియోనే. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘అక్కయ్య’ కామేశ్వరి పిల్లల చేతే పాటలు పాడించి, నాటికలు వేయించి తెలుగిళ్లను మురిపించారు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక సీమకూ సొంత గొంతు దొరికింది. ఇప్పుడు సెల్‌ఫోన్ చాలామంది చేతుల్లో ఉంది. సుగ్గికి వెళ్లినా వెంటే వస్తుంది. అందులో మన ఊరి అవ్వ చెప్పే కథ, పొడుపు కథ వినిపించాలంటే వాటిని ఎవరో ఓపిగ్గా రికార్డు చేయాలి. ఓ మైకు, చిన్న గది, ఆ పని చూసుకునే మనిషి కావాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఊరి డబ్బు... ఊరి పిల్లలకు!

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1914లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరుకి ఓ ఆలోచన వచ్చింది. ఎవరికి వారు విడిగా ధర్మం చేసే బదులు అందరి విరాళాలనూ ఒక నిధిలో వేసి, దాని మీద వచ్చే రాబడిని ఊరి అవసరాలకు వాడితే? అలా పుట్టిందే కమ్యూనిటీ ఫౌండేషన్. పసిపిల్లలకు టీవీలో అక్షరాలు నేర్పిన ‘సెసమీ స్ట్రీట్’ కూడా 1969లో కార్నెగీ, ఫోర్డ్ ఫౌండేషన్లు, ప్రభుత్వం కలిసి డబ్బు పెడితేనే మొదలైంది. 2025 జులైలో అక్కడి పార్లమెంటు ప్రజా రేడియో, టీవీలకు ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లను రద్దు చేసింది. దాంతో చిన్న ఊళ్ల స్టేషన్లు శ్రోతల వైపు, ఫౌండేషన్ల వైపు చూడాల్సి వచ్చింది. ఒకే చేతి మీద ఆధారపడితే వచ్చే తిప్పలవి!

కడప నేర్పిన పాఠం

అంత దూరం ఎందుకు... కడప యర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయాన్నే చూడండి. తెలుగు కోసం అప్పులు చేసి మరీ పండితులను పోషించిన బ్రౌన్ దొర బంగళా శిథిలమై పడి ఉండేది. ఆ చోట గ్రంథాలయం కట్టాలని జానుమద్ది హనుమచ్ఛాస్త్రి కంకణం కట్టుకున్నారు. ట్రస్టు పెట్టి, కాళ్లరిగేలా తిరిగి విరాళాలు పోగుచేశారు. 1987లో శంకుస్థాపన జరిగింది. ముందు ఊరు కదిలింది, సర్కారు సాయం ఆ తర్వాత తోడైంది. 2006లో ఆ గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయం చేతుల్లోకి వెళ్లింది. దాన్ని నడిపించే బాధ్యతకు ఓ శాశ్వత చిరునామా దొరికినట్లయింది.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో ‘సంఘం రేడియో’దీ ఇలాంటి కథే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు యునెస్కో సాయంతో స్టూడియో అయితే వచ్చింది, ప్రసారానికి అనుమతి మాత్రం రాలేదు. వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దాదాపు పదేళ్లు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలును కేంద్రం 2006లో కల్పించింది. 2008 అక్టోబరు 15న వాళ్ల గొంతు గాలిలోకి వచ్చింది.

పొరుగున అనంతపురంలో 1969 నుంచీ పనిచేస్తున్న ఆర్‌డీటీకి స్పెయిన్ దాతలే అండ. అలాంటి సంస్థ కూడా ‘ఇండియా ఫర్ ఇండియా’ పేరుతో పల్లె ఇళ్లలో హుండీలు పెట్టించింది. 2025లో ఆ సంస్థ విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడితే అనంతపురం జనం రోడ్డెక్కారు. పల్లె హుండీలో పడే రూపాయి విలువ అప్పుడు ఇంకా బాగా అర్థమై ఉంటుంది.

ఎలా అడగాలి?

ముందుగా సంఘం రిజిస్టరై ఉండాలి. దాతకు పన్ను రాయితీ రావాలంటే ఆదాయపు పన్ను శాఖలో నమోదు చేయించుకోవాలి. ఏటా ఆడిట్ చేయించిన లెక్కలు సిద్ధంగా ఉంటే సగం పని అయినట్టే.

తర్వాత చుట్టూ చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, ఓర్వకల్లు దగ్గర సౌర విద్యుత్ పార్కు ఉంది. వాటి తలుపు తట్టొచ్చు. అయితే 2021 ఏప్రిల్ నుంచి ఈ నిధులు తీసుకునే సంస్థలు సీఎస్ఆర్-1 ఫారంతో ముందే నమోదు కావాలి.

విదేశాల్లో ఉన్న సంస్థలు ఇస్తామన్నా గబుక్కున తీసుకోకూడదు. ఎఫ్‌సీఆర్ఏ అనుమతి తప్పనిసరి. అందుకు మామూలుగా సంస్థకు మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో రూ.15 లక్షలు సేవకు ఖర్చుపెట్టి ఉండాలి.

ఇక అర్జీలో ఏం రాయాలి? ‘పిల్లల భవిష్యత్తును తీర్చిదిద్దుతాం’ అంటే దాతకు ఏమీ అర్థం కాదు. ‘మూడు అంగన్‌వాడీలు, ఇంతమంది పిల్లలు, ఏడాదిలో ఇన్ని కథలు, సుగ్గికి వెళ్లిన ఇన్ని కుటుంబాలకు ఫోన్‌లో పంపుతాం’ అని రాస్తే ఆగి చదువుతాడు. అన్నిటికన్నా ముఖ్యం... మైకు కొనిచ్చే దాత త్వరగానే దొరుకుతాడు. నెలనెలా కరెంటు బిల్లుకీ, జీతానికీ దొరకడం కష్టం. ఆ భారంలో ఊరి వాటా ఎంతో అర్జీలో ముందే చూపించాలి. జాతరకు తలా ఇంత అని చందా వేసుకునే ఊళ్లకు ఇదేమంత కొత్త విద్య కాదు.

అప్పుడు ఏ మిరప చేను గట్టు మీదో బుడతడి చెవికి తన ఊరి అవ్వ గొంతు వినిపిస్తుంది. సగంలో ఆగిన పాట మళ్లీ మొదలవుతుంది!