మొలక శాతం: నమూనా చెప్పేదెంత?

వరి విత్తనానికి ధ్రువీకరణ ప్రమాణాలు నిర్దేశించిన కనీస మొలక 80 శాతం. ఒక లాటు నుండి తీసిన 100 గింజలలో 78 మాత్రమే మొలకెత్తినచో ఆ లాటు పనికిరాదని నిర్ణయించవచ్చునా? అదే లాటు నుండి మరొక 100 గింజలు తీసినచో 83 మొలకెత్తవచ్చు. రెండు పరీక్షలూ సక్రమంగా జరిగినవే కావచ్చు.

ఒకే లాటు నుండి ఒకే పరిమాణంలో పదేపదే నమూనాలు తీసినపుడు లభించే అనుపాతాలన్నీ కలిసి ఏర్పరచే విభాజనమే అనుపాతపు ప్రతిచయన విభాజనం. దాని సగటు లాటు యొక్క వాస్తవ అనుపాతానికి సమానం. దాని వ్యాప్తిని ప్రామాణిక దోషం తెలుపుతుంది. పేరులో దోషమున్నను ఇందులో పరీక్షకుని తప్పేమీ లేదు. మొలకెత్తే అనుపాతాన్ని మొలకెత్తని అనుపాతంతో గుణించి, గింజల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసినచో ఇది లభిస్తుంది. వాస్తవ మొలక 80 శాతమైనపుడు 100 గింజలకు ఇది 4 శాతం, 400 గింజలకు 2 శాతం. గింజలు నాలుగు రెట్లు పెరిగినను దోషం సగానికే తగ్గింది.

ప్రయోగశాలలో 100 చొప్పున నాలుగు పునరావృత్తులుగా 400 గింజలు పరీక్షించుటలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది. వాస్తవ మొలక 74 శాతమే ఉన్న నాసి లాటు, 100 గింజల పరీక్షలో 80 లేదా అంతకు మించి చూపే అవకాశం సుమారు పదింట ఒకటి. ఆ పొరపాటు రైతు నారుమడిలో బయటపడుతుంది. 400 గింజలతో ఆ అవకాశం రెండు వందలలో ఒకటి కంటె తక్కువ. అయితే సరిగ్గా 80 వద్ద నిలిచిన లాటు మాత్రం 400 గింజలతోనూ దాదాపు సగం సార్లు తప్పుతుంది. సరిహద్దున ఉన్న లాటును గింజల సంఖ్య రక్షించదు. ఒకే లాటుపై జరిగిన రెండు పరీక్షలను పోల్చునపుడు సహన పరిమితుల పట్టికలను ఆశ్రయించుటకు కారణం ఈ సహజమైన హెచ్చుతగ్గులే.

క్షేత్ర సర్వేలలో ఈ సూత్రాన్ని యథాతథంగా వాడుట ప్రమాదకరం. సూత్రం ప్రతి యూనిటునూ స్వతంత్రంగా ఎంచుకున్నట్లు భావిస్తుంది. వరిలో సుడిదోమ గుంపులుగా వ్యాపించి పైరును మచ్చలు మచ్చలుగా ఎండగొడుతుంది. కనుక ఒకేచోట లెక్కించిన 100 దుబ్బులు 100 స్వతంత్ర పరిశీలనలు కావు.

అనుపాతం మరీ స్వల్పమైనపుడు సామాన్య విభాజనపు ఉజ్జాయింపు కూడా చెల్లదు. ద్విపద విభాజనాన్నే వాడవలెను. నూటికి ఒక మొక్కకు తెగులు సోకిన పొలంలో యాదృచ్ఛికంగా 100 మొక్కలు చూసినచో ఒక్కటీ కనిపించకపోయే అవకాశం సుమారు 37 శాతం. అట్టి పరిశీలనలో సున్నా నమోదైనను, వాస్తవ అనుపాతం దాదాపు 3 శాతం వరకు ఉండవచ్చునన్న అనుమానాన్ని 95 శాతం విశ్వాసంతో తోసిపుచ్చలేము.